ఒంటికాలి కొంగ బలమెంత

మళ్లీ పెట్టింది. నేను రెండుసార్లు తీసి అవతల పడేసిన కార్డుని పిన్ని చూపుడువేలితో మెల్లగా తన కట్టలోకి లాక్కుని, తనకేమీ తెలియనట్టు కళ్లజోడు సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఒంటికాలి కొంగ. బలం ఒకటి, ప్రాణం మూడు, బల్ల మీదకి దించాలంటే ఖర్చు మూడు దీపాలు, వంతుకి ఒకటి చొప్పున వెలిగేవి. మూడు దీపాలు ఆర్పుకుని ఒకే ఒక్క దెబ్బ వేసే కొంగని తెచ్చుకునేవాళ్లు ఈ భూమ్మీద ఉంటారా, అదీ బూడిద పులిని బయట కూర్చోబెట్టి? పులి బలం ఐదు పిన్నీ, ఐదు, అని అరవాలనుంది. అరిస్తే అంపైరు ఈల ఊదుతాడు. ఈ హాల్లో కూర్పు గంట అంటే నోటికి తాళమే. ఒక్కో జంటకి కొన్ని మూసిన ప్యాకెట్లు ఇస్తారు, వాటిని చించి, ఏ ప్రాణులు వస్తే వాటితోనే ఇద్దరూ చెరో కట్ట కూర్చుకోవాలి, అంతసేపూ మాట్లాడకూడదు, బల్లలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి మన గుట్టు పక్కవాడి చెవిన పడుతుంది. అందుకని జంటలన్నీ వేళ్లతో మాట్లాడుకుంటాయి. దగ్గరికి లాగితే ఉండాలని, అవతలికి తోస్తే వద్దని. పులి ఎర్ర దీపాలకే పలుకుతుంది, నా కట్టంతా నీలం, ఎర్రది పిన్నిది, కాబట్టి పులి వస్తే పిన్ని కట్టలోకే రావాలి, అందులో ఇంకొక్క ఖాళీయే మిగిలింది. ఆ ఖాళీలోకి పులి రావడం నాకెంత అవసరమో పిన్నికి తెలీదు. తెలియకూడదనే కదా ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.

రేపు పొద్దున్నే పిన్నిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. కళ్లజోడు పవరు మారిందేమో చూపిద్దాం పిన్నీ అన్నాను, సరేనంది. ఆయన కళ్ల డాక్టరు కాదు. మరుపు ఎక్కడ మొదలైందో, ఎంతదాకా వచ్చిందో చూసే డాక్టరు. ఆ మాట పిన్నితో అనడానికి నాకు నోరు రాలేదు, మా ఆయనతో అంటే ఆయన టీవీ కట్టేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు, ఆ మనిషి టీవీ కట్టేశాడంటే సంగతి పెద్దదేనని నాకింకా భయమేసింది. అప్పుడే నాలో నేను ఒక పందెం వేసుకున్నాను. ఇవాళ పిన్ని కట్ట ఎలా కూరుస్తుందో చూస్తాను, ఎప్పటిలా కూర్చిందా, ఆ డాక్టరుకి ఫోన్ చేసి మేం రావట్లేదని చెప్పేస్తాను. ప్రాణి బలం తూచడంలో ఈ హాలు మొత్తం మీద పిన్నిని మించినవాళ్లు లేరు. కాలేజీ కుర్రకారు కూడా కొత్త కార్డు రాగానే పరుగెత్తుకుని వచ్చి పెద్దమ్మా ఇదెలా ఉంది అని అడిగి పోతారు. ఆ తూకం ఒక్కటి చెడకుండా ఉంటే మిగతావన్నీ వయసు కింద కొట్టేయొచ్చు, మొన్న ఆదివారం నాకు సెలవని మరిచిపోయి నేను కట్టుడు పళ్లు చేసే ల్యాబుకి క్యారియర్ తీసుకొచ్చి, తాళం చూసి, నేను లోపలున్నానేమోనని మెట్ల మీద కూర్చోవడం, వాచ్‌మన్ ఫోన్ చేస్తే నేను వెళ్లేసరికి క్యారియర్ ఒళ్లో పెట్టుకుని, అన్నం చల్లారిపోయిందే అని నన్నే కోప్పడటం, ఇలాంటివి ఎవరికి రావు? పిచ్చి పందెమే, నాకు తెలుసు. నిండా మునిగినవాడికి చలేమిటి.

గంట మొదలైనప్పుడు ఎంత బాగుందో. ప్యాకెట్లు చించగానే పిన్ని బొటనవేలు కార్డుల అంచు మీద చర్రున పాకింది, ఆ చప్పుడు విని నా ప్రాణం లేచొచ్చింది. ప్రింటింగ్ ప్రెస్సులో పుస్తకాలు కుట్టే దగ్గర జీవితమంతా పనిచేసిన బొటనవేలు అది, కాగితాల దొంతరని విసనకర్రలా విప్పి ఒక్క చూపులో ఎన్నున్నాయో చెప్పేసేది, ఒక్క ఫారం, అదే పదహారు పేజీల మడత, తక్కువైనా వేలికి తెలిసిపోయేదట. నేను ఇంకా బొమ్మలు చూసి మురుస్తుంటే తను పనికొచ్చేవి, పనికిరానివి, ఆలోచించాల్సినవి అని మూడు కుప్పలు పోసేసింది. రాతి తాబేలుని లాక్కుంది, మంచిది. అగ్గికోడిని నా వైపు నుంచి తీసుకుంది, అదీ మంచిదే. కొమ్ముల దున్న మీద నేను మోజు పడితే వద్దని అవతలికి తోసింది, నిజమే, ఆ దున్నకి అన్ని దీపాలు వెలిగేసరికి ఆటే అయిపోతుంది. నేను లోపల్లోపల పొంగిపోతున్నాను, డాక్టరుకి ఏం చెప్పి మానేయాలో కూడా మాటలు వెతుక్కుంటున్నాను, పనికిరాని కుప్పలో అట్టడుగున ఉన్న ఈ కొంగ అప్పుడు బయటికొచ్చింది.

కొంగ ఏ రంగు దీపాలకైనా పలుకుతుంది, దాని బొమ్మ కింద ఒక వాక్యం ఉంది. ఈ కొంగ బల్ల మీద ఉన్నంతసేపు మీ ప్రాణులని మీ జతవారు కదిలించవచ్చు. అంతే దాని మహత్యం. జంట ఆటలో ఇద్దరం ఒకే వైపు కూర్చుంటాం, గెలిచినా ఓడినా ఇద్దరికీ కలిపే, కానీ ఎవరి ప్రాణులు వాళ్లవి, పక్కవాళ్ల కార్డు ముట్టుకోకూడదు, ఇది ఇలా ఆడు అని కళ్లతో సైగ కూడా చేయకూడదు. ఈ కొంగ దిగితే ఆ కట్టు తెగుతుంది. తెగితే ఎవరికి లాభం? నా ముద్ద నేను తినడానికి నాకు చేతుల్లేవా, పక్కవాళ్లు వచ్చి పెట్టాలా? ఈ కార్డు వచ్చిన కొత్తలో అందరూ నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది. అదిగో ఆ మూల బల్లకి ఒక కాలు పొట్టి, టైర్ల కొట్టు పైన మేడ ఇది, నేల ఎక్కడా సమంగా ఉండదు, ఆ కాలి కింద మడిచి పెట్టినవన్నీ ఒంటికాలి కొంగలే. దానికి తగ్గ ఉద్యోగం దానికి దొరికిందే అని పిన్నే అంది అప్పుడు. తనే అంది! ఆ మాట మరిచిపోయిందా? కార్డు మీది అక్షరాలు కనపడటం లేదా, నిజంగానే కళ్లజోడు పవరు మారిందా, దేవుడా, అదే అయితే బాగుండు.

అంకెలు చూసి మోసపోకే, అంకెలు అందరికీ కనపడతాయి, అనేది పిన్ని నాకు నేర్పేటప్పుడు. ప్రాణి ఎంత బలమైందో తెలియాలంటే నాలుగు చోట్ల నిలబెట్టి చూడాలట. ఆట మొదట్లో వస్తే ఏం చేస్తుంది, రెండు వైపులా సమంగా ఉన్నప్పుడు వస్తే ఏం చేస్తుంది, గెలుస్తున్నప్పుడు, ఓడిపోతున్నప్పుడు. గెలిచేటప్పుడు పిల్లి కూడా పులేనే, దానికి మార్కులు వేయకు, ఓడిపోయేటప్పుడు వచ్చి ఏం చేసిందో అదీ దాని బలం. సరే, నీ లెక్కే తీసుకుందాం పిన్నీ, నీ కొంగని నీ తక్కెడలోనే పెడతాను. కోపంతోనే పెడుతున్నాను, అది కూడా చెప్తున్నాను.

ఆట మొదట్లో. అవతలివాళ్లు చిన్న చిన్న ఎలుకల్ని, తేళ్లని వదులుతుంటారు, మనం మూడు దీపాలు కూడబెట్టి కొంగని దించుతాం, అది ఒంటికాలి మీద నిలబడి జపం చేస్తుంది. ఏమీ చేయదు. మొదట్లో పిన్ని కూడా ఏమీ చేయలేదు. మా ఇంటికి వచ్చినప్పుడు నాకు ఏడేళ్లు, అమ్మ పోయి ఏడాది తిరిగింది, నాన్న లిఫ్టులు బాగుచేసే మనిషి, ఏ వేళకి ఏ మేడ నుంచి పిలుపొస్తుందో తెలీదు, నన్ను పక్కింట్లో వదిలి పోయేవాడు. పక్కింటావిడ నా తల నిమురుతూ సవతి తల్లి చేతిలో పడబోతున్నావే పిచ్చిదానా అని నాకు వినపడేట్టే ఏడ్చింది, ఆవిడ నోరు పడిపోను. దాంతో నేను పిన్నితో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. వారాల తరబడి ఒక్క మాట లేదు. బతిమాలుతుంది, చాక్లెట్లు ఇస్తుంది, అప్పుడు విసిరికొడదాం అని కాచుక్కూర్చున్నాను, ఆవిడ బతిమాలలేదు. ప్రెస్సు నుంచి వస్తూ సంచిలో అట్టముక్కలు తెచ్చుకునేది, పుస్తకాల అట్టలు కత్తిరించగా మిగిలిన పేలికలు, వాటిని వంటింటి బల్ల మీద పరిచి, అన్నీ ఒకే కొలతకి కోసి, పెన్సిలుతో వాటి మీద జంతువుల బొమ్మలు వేసేది. బొమ్మలు మహా ఘోరంగా ఉండేవి. ఏనుగుకీ పందికీ తేడా తెలిసేది కాదు. బొమ్మ పక్కన దీని బలం ఇంత అని అంకె రాసేది, కాస్త ఆలోచించి, చెరిపి, ఇంకో అంకె రాసేది. గమ్ము వాసన, కిరోసిన్ వాసన, ఆవిడ చేతుల వాసన అదే, అదిప్పుడు ఎక్కడ తగిలినా నాకు కడుపు నిండినట్టుంటుంది.

ఒకరోజు ఆ ముక్కల్ని రెండు భాగాలు చేసి ఒక భాగం నా ముందు పెట్టింది. నేను ముట్టుకోలేదు. సరే, నీ వంతు కూడా నేనే ఆడతాను, తప్పు ఆడితే నన్ను తిట్టు, అంది. అని తన వైపు నుంచి ఒకటి వేసి, ఇటు వచ్చి నా వైపు నుంచి ఒకటి వేసి, మళ్లీ అటు వెళ్లి, కుర్చీల చుట్టూ తిరుగుతూ ఇద్దరి ఆటా తనే ఆడింది. నా ఆట చాలా బాగా ఆడింది, నా ఎలుగుబంటి తన జంతువుల్ని వరసగా పడగొడుతుంటే నాకు లోపల గొప్పగా ఉంది, పైకి మాత్రం మూతి ముడుచుకునే ఉన్నాను. ఇంకొక్క దెబ్బతో నేను గెలుస్తాననగా ఆవిడ నా వైపు వచ్చి, ఎలుగుబంటిని వదిలేసి, పోయి పోయి ఒక కప్పని ముందుకి తోసింది. కప్పని! అది కాదు, అని అరిచాను. ఏది మరి, అంది. ఎలుగుబంటి, ఎలుగుబంటి వెయ్యాలి, నీకసలు ఆట రాదు, అని తిట్టాను. తిట్టాక గానీ నాకు తెలియలేదు మాట్లాడేశానని. ఆవిడ నవ్వలేదు, చూశావా మాట్లాడావు అనలేదు, కప్పని వెనక్కి తీసి ఎలుగుబంటిని నా చేతికిచ్చి, అయితే నువ్వే వెయ్యి అంది. నేనే వేశాను. ఆ రోజు నుంచీ నా నోరు మూతపడితే ఒట్టు, మా ఆయన సాక్షి.

అసలు ఈ ఆట ప్యాకెట్లలో అచ్చయి కొట్లోకి వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను, ఒకటి కొని తెచ్చి చూపిస్తే పిన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మన ఆట వీళ్లకి ఎలా తెలిసిందే అంది, నాన్న నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. అయ్యో, టైమెంతైంది? అంపైరు కుర్చీలో కూర్చుని తన గడియారం తనే చూసుకుంటున్నాడు. ఇంకా కాస్త ఉంది. ఎదుటి బల్ల దగ్గర అన్నదమ్ములిద్దరూ కట్టలు కూర్చేసి చేతులు కట్టుకున్నారు, ఇద్దరికీ పై పలువరస ముందుకి తోసుకొచ్చింది, చిన్నప్పుడే క్లిప్పు వేయించి ఉండాల్సింది, నా వృత్తే అంత, పొద్దస్తమానం కట్టుడు పళ్లు చేసేదానికి మొహాలు కనపడవు, నోళ్లే కనపడతాయి. పోయిన నెల మేం ఓడిపోయింది వీళ్ల చేతిలోనే. పెద్దవాడు ఒక చిన్న తేలుని మా మీదకి వదిలాడు. పిన్ని ముందు రాతి తాబేలు ఉంది, దాన్ని అడ్డంగా తిప్పితే చాలు, తేలు దాన్ని కొట్టుకుని చస్తుంది, పసిపిల్ల కూడా తిప్పుతుంది. పిన్ని తాబేలు వంక చూసింది. చూస్తూనే ఉంది. ఆడండమ్మా, అన్నాడు అంపైరు. ఆఁ, అంది పిన్ని, అని మళ్లీ తాబేలు వంకే చూసింది, తనది కానిదాన్ని చూసినట్టు. నా చెయ్యి దానంతటదే లేచింది. చెయ్యి తీయండి, అన్నాడు అంపైరు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను, లేకపోతే అది ఆగేలా లేదు. తేలు వచ్చి కొట్టింది. ఓడిపోయాం.

ఓడిపోతే ఏం, ఆటన్నాక ఓడమా, మేం ఓడిన ఆటలు తక్కువా? ఆ ఓటమి కాదు నన్ను తినేసింది. తాబేలు పిన్ని వేలికి అంత దగ్గరగా ఉండి కూడా పిన్ని దాని దగ్గరికి పోలేకపోవడం, నేను పక్కనే ఉండి కూడా పోవడానికి వీల్లేకపోవడం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిన్ని నా పక్కన కూర్చుంది. నా కుడిచెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే లాగి మెటికలు విరిచి, నొప్పి పుట్టిందా అంది. దేనికి పిన్నీ అన్నాను. ఏం లేదులే, అంది. చూశావా ఏదేదో మాట్లాడుతోంది అనుకున్నాను, కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను, మర్నాడే డాక్టరుకి ఫోన్ చేశాను.

సమంగా ఉన్నప్పుడు కొంగ ఏం చేస్తుంది? ఏమీ చేయదు. గెలుస్తున్నప్పుడు? అసలే అక్కర్లేదు. గెలుస్తున్నప్పుడు పిన్ని కూడా ఎక్కడా కనపడదు. నా పెళ్లిలో నాన్న పక్కన నిలబడమంటే, నాలుగు నోళ్లు నాలుగు రకాలుగా అంటాయి, నీ పెళ్లి పూట ఎందుకే నాకు అని ఎక్కడో వెనక వరసలో కూర్చుంది, వెతికితే వచ్చినవాళ్ల పిల్లలకి మంచినీళ్లిస్తూ దొరికింది. ల్యాబులో నన్ను పెద్ద సీట్లో కూర్చోబెట్టిన రోజు ఊరందరికీ ఫోన్ చేసి చెప్పుకున్నాను, ఇంటికొచ్చి పిన్నికి చెప్తే, సరే కానీ ఆ తడిబట్టలు తీసుకురా వానొచ్చేలా ఉంది అంది. అప్పుడు ఒళ్లు మండింది. నేను తీసుకొచ్చేసరికి పళ్లెంలో నాకిష్టమైనవన్నీ పెట్టి ఉన్నాయి, అది వేరే సంగతి.

ఓడిపోతున్నప్పుడు. ఇక్కడికి వచ్చాను చివరికి. ఓడిపోతున్నప్పుడు ఎవరు వచ్చి ఏం చేశారు. నా కడుపులో బిడ్డ నిలవలేదు, ఒకసారి కాదు, రెండోసారి కూడా నిలవలేదు, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాను. వచ్చినవాళ్లందరూ ఏదో ఒకటి చెప్పారు, మా అత్తగారు ధైర్యం చెప్పింది, పాపం మంచి మనసుతోనే, మా ఆయన ఏం చెప్పాలో తెలియక మంచినీళ్లు తెచ్చాడు, మళ్లీ తెచ్చాడు, గ్లాసులు వరసగా పేరుకుపోయాయి. పిన్ని వచ్చింది. ఎలా ఉన్నావని అడగలేదు. మంచం మీద నా వీపు వెనక కార్డులు పరిచిన చప్పుడైంది, బొటనవేలి కింద చర్రున పాకిన చప్పుడు. నీ వంతు కూడా నేనే ఆడతాను, అంది. నేను తిరగలేదు. ఆడుతూ కూర్చుంది. ఇటు ఒకటి వేస్తుంది, అటు ఒకటి వేస్తుంది, ఇప్పుడు నీ నక్క దిగింది, ఇప్పుడు నేను గద్దని తెచ్చాను, అని పైకి చెప్తూనే ఉంది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, మర్నాడు మళ్లీ. నేను గోడని చూస్తూ వింటున్నాను. ఎన్నో రోజుకో తెలీదు, నీ నక్కని వెనక్కి తీసేస్తున్నాను అంది, తీసేస్తే గద్ద వచ్చి పడుతుందని తెలిసి కూడా అంది, నాకు ఎక్కడ లేని కోపం వచ్చి, తీయకు, ఉండనీ, అన్నాను గోడతోనే. ఉండనిస్తే ఏం చెయ్యాలి, అంది. అప్పుడు ఇటు తిరిగాను. తిరిగి చెప్పాను. ఆ పూట అన్నం తిన్నాను.

నా వంతు ఆడింది. రెండుసార్లు, నాకు కదలడం చేతకానప్పుడు, నా ముక్కలు నా తరఫున తను కదిలించింది. మళ్లీ కదిలే దాకా కాచుకుని, కదలగానే నా ముక్కలు నాకిచ్చేసింది.

మీ ప్రాణులని మీ జతవారు కదిలించవచ్చు.

ఉండు. ఉండుండు. మీ ప్రాణులని అంటే కొంగ ఎవరి కట్టలో ఉంటే వాళ్ల ప్రాణులని. కొంగని పిన్ని తన కట్టలో పెట్టుకుంటోంది. నా కట్టలో పెట్టమని ఒక్కసారి కూడా ఇటు తోయలేదు, ప్రతిసారీ తన వైపే లాక్కుంది. అది దిగితే నేను పిన్ని తాబేలుని తిప్పొచ్చు. అంపైరు చెయ్యి తీయండి అనడు. నా చెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చోనక్కర్లేదు. నొప్పి పుట్టిందా అంది బస్సులో, దేనికి అని అడిగాను, బుద్ధి లేనిదాన్ని, దేనికో పిన్ని చూసింది, తాబేలు వంకే చూస్తోందనుకున్నాను గానీ నా చెయ్యి లేవడమూ చూసింది, నేను దాన్ని అణుచుకోవడమూ చూసింది. తనకి తెలుసు. ఎక్కడ ఆగిపోతోందో తనకి నాకంటే ముందే తెలుసు, ఒక్కతే తెలుసుకుని, ఎవరికీ చెప్పకుండా, ఏడవకుండా, తన దగ్గరున్న తక్కెడతోనే తన సంగతి కూడా తూచుకుని కూర్చుంది. పులి బలం ఐదు, నిజమే, ఎవరికి? పులిని కదిలించడం గుర్తున్నవాళ్లకి. గుర్తులేని నిమిషంలో పులి ఉత్త అట్టముక్క. నేనేమో కొంగని బయట పెట్టి చూసి బలం ఒకటి, ప్రాణం మూడు అని లెక్కలు కడుతున్నాను, ఇన్నేళ్లు పళ్లు చేసినదాన్ని, పన్ను మంచిదో కాదో నోట్లో పెట్టి చూస్తే గానీ చెప్పలేమని, అది కూడా ఎవరి నోట్లోనన్నది చూడాలని, రోజూ కొత్తగా వచ్చిన పిల్లలకి నేనే పాఠం చెప్తాను కదా. ఈ హాల్లో అందరూ నవ్విన కార్డు, పిన్ని కూడా నవ్విన కార్డు. అప్పుడు దానితో పని పడలేదు, నవ్వింది. ఇప్పుడు పని పడింది, కుప్ప అట్టడుగు నుంచి ఏరుకుంది. తూకం ఎక్కడ చెడింది? వెంట్రుకవాసి కూడా చెడలేదు.

కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అన్నదమ్ములు చూస్తే ఈవిడకి మంచి కార్డులు రాలేదు కాబోలు అనుకుంటారు, అనుకోనీ. ఎంత మంచి కార్డు వచ్చిందో వీళ్లకేం తెలుసు నాకు, ఏడేళ్ల వయసులో వచ్చింది, మొహం తిప్పుకుని కూర్చుంటే కూడా పోకుండా ఉంది. థాంక్స్ పిన్నీ అని ఇన్నేళ్లలో ఒక్కసారైనా అన్నానా? కన్నతల్లికి ఎవరైనా థాంక్స్ చెప్తారా అని ఊరుకున్నాను, నువ్వు కనలేదు కదా, నీకు చెప్పాల్సింది, కనకుండానే ఇంత చేసినదానికి రోజూ చెప్పాల్సింది. పందెం సంగతేంటి మరి? పులిని పెడితే డాక్టరు దగ్గరికి పోనక్కర్లేదనుకున్నాను, కొంగని పెట్టింది, చెడని ఆ తూకమే చెప్తోంది రేపు పోవాల్సిందేనని. పందెం ఓడిపోయాను. ఓడిపోయినా నా గుండె మీది బరువు దిగిపోయిందేమిటి.

పులిని తీసి పనికిరాని కుప్పలో పడేశాను. కొంగని పిన్ని కట్టలోకి నేనే తోశాను, తోసి దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచాను. పిన్ని కిటికీ వైపు నుంచి తల తిప్పి నా వేలు చూసింది, తర్వాత నన్ను చూసింది. కూర్పు గంట అయిపోయిందని అంపైరు ఈల ఊదాడు. హాలంతా ఒక్కసారిగా గోల మొదలైంది, కుర్చీలు జరిగాయి, ఆట మొదలయ్యే దాకా అందరూ మాట్లాడుకోవచ్చు.

"రేపు కళ్ల డాక్టరు కాదు కదే?" అంది పిన్ని, కార్డులు కలుపుతూనే.

"కాదు పిన్నీ."

"అనుకున్నాలే. నా కళ్లకేం, బాగానే ఉన్నాయి. మొహంలో దాచుకోవడం నీకు చిన్నప్పట్నుంచీ చేతకాదు." కార్డుల అంచు మీద బొటనవేలు చర్రున పాకింది. "పోదాంలే, ఆయనేం చెప్తాడో విందాం. పులిని చూసి ఏడ్చావా?"

"దాన్ని చూసి కాదు."

"మరింకేం." కట్ట తెచ్చి మా ఇద్దరి మధ్యన పెట్టింది, ఎప్పుడూ తన ముందే పెట్టుకునేది. "ఇదిగో, కొంగ వచ్చాక, నేనెక్కడైనా ఆగిపోతే నువ్వు చూస్తూ కూర్చోకు. నా వంతు కూడా నువ్వే ఆడు. తప్పు ఆడావో, తిడతాను."

"తిట్టు పిన్నీ," అన్నాను.

ఎదుటి అన్నదమ్ములు కుర్చీలు ముందుకి లాక్కుని కూర్చున్నారు. నేను కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టుకున్నాను.